మోటర్‌హోమ్ వెనక చిన్న కారు కట్టుకెళ్లాలంటే కారును ఎలా సిద్ధం చేయాలి

మోటర్‌హోమ్‌ను, అంటే లోపలే ఉండేలా ఇల్లులా అమర్చిన పెద్ద బండిని, ఒకచోట నిలిపి, జాకులు దించి, నీళ్లూ కరెంటూ తగిలించుకున్నాక ఏదో చిన్న పని పడితే అంత బండినీ మళ్లీ కదిలించాలంటే ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే చాలామంది వెనక ఒక చిన్న కారు కట్టుకుని వెళ్తారు. కారు మొత్తాన్ని ట్రైలర్ మీదకి ఎక్కించొచ్చు, ముందు రెండు చక్రాలనే చిన్న డాలీ మీద పెట్టొచ్చు, లేదా నాలుగు చక్రాలూ రోడ్డు మీదే దొర్లుతుండగా టో బార్‌తో (రెంటినీ కలిపే ఇనుప కడ్డీతో) లాగొచ్చు. నేను ఇక్కడ రాస్తున్నది మూడోదాని గురించి. దిగిన చోట తగిలించడం, విప్పడం దీనిలోనే సులువు, కానీ కారును సిద్ధం చేసే పని మాత్రం దీనికే ఎక్కువ.

మొదలుపెట్టే ముందు ఒక సంగతి తెలుసుకోండి. ఎనిమిది, పది టన్నుల బండి నడుపుతున్నప్పుడు వెనక ఉన్న టన్ను బరువు కారు మీ సీటుకు తెలియదు, స్టీరింగ్‌కీ తెలియదు. నా రెండో ప్రయాణంలో కారు వెనక టైరు గాలి పోయింది. పక్క లేన్‌లో వెళ్తున్న లారీ డ్రైవర్ హారన్ కొట్టి, చెయ్యి బయటపెట్టి చూపిస్తే గానీ నాకు తెలియలేదు. దిగి చూసేసరికి టైరు పీలికలైపోయింది, రిమ్ము రోడ్డుకు రాసుకుని కాలుతోంది, చక్రం పైన ప్లాస్టిక్ కరగడం మొదలైంది. ఇంకాస్త దూరం అలాగే వెళ్లుంటే మంట అంటుకునేదే. కింద చెప్పే పనుల్లో చాలావరకు దీనికోసమే, అంటే రోడ్డు మీద మీకు తెలియని వాటిని బయలుదేరకముందే చూసుకోవడం కోసమే.

అసలు మీ కారు పనికొస్తుందా

టో బార్ కొనకముందే కారు ఓనర్స్ మాన్యువల్ తీయండి. అందులో రిక్రియేషనల్ టోయింగ్ అనో డింగీ టోయింగ్ అనో ఒక భాగం ఉంటుంది, అది చదవండి. ఎమర్జెన్సీ టోయింగ్ అని ఇంకోటి ఉంటుంది, అది వేరు. బండి చెడిపోయినప్పుడు కొద్ది దూరం, తక్కువ వేగంలో లాగడానికి ఇచ్చిన అనుమతి అది. చాలామంది ఆ రెండో దాన్ని చదివి "మా కారుకి పర్లేదట" అనుకుంటారు, వందల కిలోమీటర్లు లాగి గేర్‌బాక్స్ పోగొట్టుకుంటారు.

గేర్‌బాక్స్ ఎందుకు పోతుందో తెలిస్తే ఇది ఎప్పటికీ మర్చిపోరు. మామూలు ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఆయిల్‌ని తిప్పే పంపు ఇంజిన్‌తో తిరుగుతుంది. కారును లాగుతున్నప్పుడు ఇంజిన్ ఆగి ఉంటుంది, కాబట్టి పంపూ ఆగి ఉంటుంది, కానీ చక్రాలు తిరుగుతుంటాయి గనక వాటితో కలిసిన షాఫ్టులూ గేర్లూ లోపల తిరుగుతూనే ఉంటాయి. ఆయిల్ అందని బేరింగులు అలా గంటల తరబడి తిరిగితే కాలిపోతాయి. గేర్‌ను న్యూట్రల్‌లో పెట్టినా అంతే, న్యూట్రల్ అన్నది పంపుని తిప్పదు కదా. సీవీటీ (మెట్లు మెట్లుగా గేర్లు మారని ఆటోమేటిక్) గేర్‌బాక్స్‌లలో ఎక్కువ వాటికీ ఇదే ఇబ్బంది. మాన్యువల్ గేర్ ఉన్న ముందు చక్రాల డ్రైవ్ చిన్న కార్లలో చాలావాటికి ఈ సమస్య ఉండదు, ఎందుకంటే చక్రాలతో తిరిగే పెద్ద గేరే అడుగున ఉన్న ఆయిల్‌ని చిమ్మి మిగతా వాటికి అందిస్తుంది. అలాగని మాన్యువల్ గేర్ అయితే చాలు అనుకోకండి. కొన్ని మాన్యువల్ గేర్‌బాక్స్‌లలో ఇంజిన్ తిరిగితేనే లోపలి షాఫ్టు ఆయిల్‌ని చిమ్ముతుంది, వాటిని కంపెనీయే వద్దంటుంది. పుస్తకంలో ఏముంటే అదే.

కొన్ని ఉదాహరణలు చెప్తాను. జీప్ రాంగ్లర్ ఈ పనికి బాగా పేరు పడింది. దాని ట్రాన్స్‌ఫర్ కేస్‌కి (గేర్‌బాక్స్ బలాన్ని ముందు, వెనక చక్రాలకి పంచే భాగానికి) విడిగా న్యూట్రల్ ఉంది, అందులో పెడితే గేర్‌బాక్స్‌కీ చక్రాలకీ సంబంధం తెగిపోతుంది. అమెరికాలో అమ్మిన హోండా సీఆర్-వీ 2014 మోడల్ దాకా ఆటోమేటిక్ అయినా ఇలా లాగడానికి కంపెనీ ఒప్పుకునేది, కాకపోతే బయలుదేరే ముందు ఇంజిన్ స్టార్ట్ చేసి గేర్లన్నీ ఒకసారి తిప్పి న్యూట్రల్‌కి తెచ్చే వరస ఒకటి ఉండేది, దాన్ని తప్పకుండా చేయాలి. 2015లో అదే కారుకి సీవీటీ వచ్చింది, దాంతో ఆ అనుమతి పోయింది. పేరు ఒకటే అయినా ఒక్క ఏడాది తేడాతో జవాబు మారిపోతుందన్నమాట. అందుకే మోడల్ పేరు చూసి కొనకండి, ఆ ఏడాది పుస్తకం, ఆ గేర్‌బాక్స్ పేజీ చూడండి. ఎలక్ట్రిక్ కార్లలో చాలావాటికి చక్రాలు తిరిగితే మోటారూ తిరుగుతుంది, అందువల్ల వాటిని నాలుగు చక్రాల మీద లాగకూడదు. టెస్లా అయితే నాలుగు చక్రాలూ నేల నుంచి లేపే తీసుకెళ్లాలని స్పష్టంగా చెప్తుంది.

పుస్తకంలో వేగం పరిమితి ఉందా, ఇన్ని గంటలకోసారి ఆపి ఇంజిన్ నడపాలని ఉందా, ఏ ఫ్యూజు తీయాలని ఉందా, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి సన్ వైజర్‌కి పెట్టుకోండి. బయలుదేరే హడావిడిలో పుస్తకం తిరగేసే ఓపిక ఎవరికీ ఉండదు.

బరువు లెక్క

ఇది చిన్న లెక్కే, కానీ ఊహతో వేయకూడదు. మోటర్‌హోమ్‌కి రెండు పరిమితులుంటాయి, బండి ఒక్కటీ ఎంత బరువు ఉండొచ్చు అన్నది ఒకటి, బండీ వెనక లాగేదీ కలిపి ఎంత ఉండొచ్చు అన్నది రెండోది. రెండో అంకెలోంచి మీ బండి అసలు బరువు తీసేస్తే మిగిలేదే కారుకి. అసలు బరువంటే బ్రోషర్‌లో ఉన్న ఖాళీ బరువు కాదు. నీళ్ల ట్యాంకు, డీజిల్, సామాన్లు, మనుషులు అందరితో కాటా మీదకి ఎక్కించి తూయించండి. మాట వరసకి కలిపిన పరిమితి 11,800 కిలోలు, నిండిన మోటర్‌హోమ్ 10,300 కిలోలు అనుకుందాం, అప్పుడు మిగిలేది 1,500. హిచ్ (మోటర్‌హోమ్ వెనక టో బార్ తగిలించే భాగం) మీద 2,200 అని రాసి ఉన్నా, టో బార్ మీద 2,900 అని ఉన్నా మీ పరిమితి 1,500 మాత్రమే. ఎప్పుడూ అన్నిటికంటే చిన్న అంకెదే చివరి మాట. కారులో సామాన్లు కుక్కితే ఆ బరువు కూడా ఇందులోకే వస్తుంది.

బేస్ ప్లేట్ బిగించడం

కారు ముందు భాగంలో, బంపర్ వెనక, చాసిస్‌కి బిగించే ఇనుప ఫ్రేమ్‌నే బేస్ ప్లేట్ అంటారు. టో బార్ చేతులు రెండూ దీనికే తగులుతాయి. ఒక్కో మోడల్‌కి ఒక్కో బేస్ ప్లేట్ తయారుచేస్తారు, వేరే కారుది తెచ్చి రంధ్రాలు పెద్దవి చేసి సరిపెట్టడం ప్రాణం మీదకి తెచ్చుకోవడమే. కారు లాగే, తోసే బలమంతా బ్రేకు వేసినప్పుడూ, ఎత్తు ఎక్కేటప్పుడూ, గుంతలో పడినప్పుడూ ఈ నాలుగైదు బోల్టుల మీదే పడుతుంది.

బిగించాలంటే ముందు బంపర్ కవర్ విప్పాలి. క్లిప్పులు ఎక్కడెక్కడ ఉన్నాయో ఫోన్‌తో ఫోటోలు తీసుకుంటూ విప్పండి, ఫాగ్ లైట్ల వైర్లు లాగేయకండి. ముందు భాగంలో రాడార్ సెన్సర్ ఉన్న కారైతే బేస్ ప్లేట్ దానికి అడ్డం వస్తుందేమో కొనేముందే అడగండి. చాసిస్ మీద తుప్పు కనపడితే అక్కడితో ఆపి మెకానిక్‌కి చూపించండి, తుప్పు పట్టిన రేకుకి ఎంత మంచి బోల్టు వేసినా లాభం లేదు. బోల్టులకి థ్రెడ్ లాకర్ (వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు) రాసి, బేస్ ప్లేట్‌తో వచ్చిన కాగితంలో ఎంత బిగువు అని ఉందో అంతకి టార్క్ రెంచ్‌తో బిగించండి. నాది ఒక వర్క్‌షాప్‌లో ఎయిర్ గన్‌తో బిగించి ఇచ్చారు, థ్రెడ్ లాకర్ వేయలేదు. తర్వాతి ప్రయాణంలో ఆగిన చోట అలవాటుగా చెయ్యి పెట్టి చూస్తే ఒక బోల్టు వేళ్లతోనే తిరిగింది. అప్పట్నుంచి ఎవరు బిగించినా నేను మళ్లీ రెంచ్ పెట్టి చూస్తున్నాను. మీరూ మొదటి ఎనభై, వంద కిలోమీటర్లకి ఒకసారి, ఆ తర్వాత ప్రతి పెద్ద ప్రయాణానికి ముందు ఒకసారి చూడండి. బంపర్ విప్పకుండానే బోల్టులు అందేలా ఏదైనా ఖాళీ ఉంచుకుంటే ఈ పని మానేయకుండా చేస్తారు.

టో బార్ ఎత్తు

టో బార్ నేలకి సమాంతరంగా ఉండాలి. మోటర్‌హోమ్‌నీ కారునీ చదునైన చోట, ప్రయాణానికి సిద్ధమైనంత బరువుతో నిలిపి, నేల నుంచి హిచ్ రంధ్రం మధ్యకి ఎంతుందో, నేల నుంచి బేస్ ప్లేట్ చేతులకి ఎంతుందో టేపుతో కొలవండి. తేడా ఏడెనిమిది సెంటీమీటర్లు దాటితే ఎత్తు సరిచేసే డ్రాప్ హిచ్ వేసుకోండి. ఎంత వరకు పర్వాలేదో టో బార్ కంపెనీ చెప్తుంది, దాన్నే పట్టుకోండి. వాలు ఎక్కువుంటే గట్టిగా బ్రేకు వేసినప్పుడు వెనకున్న కారు ముందుకి తోసుకొచ్చి బార్‌ని పైకో కిందకో నెడుతుంది, అప్పుడు హిచ్ దగ్గర పడే బలం దానికి తట్టుకునేలా తయారుచేసిన దిశలో ఉండదు.

లైట్లు

మోటర్‌హోమ్ బ్రేకు నొక్కితే కారు బ్రేక్ లైటూ వెలగాలి, ఇండికేటర్ వేస్తే కారుదీ వెలగాలి. దీనికి మూడు మార్గాలు. మాగ్నెట్‌తో అంటించే విడి లైట్లు తేలిక, కానీ ప్రతిసారీ పెట్టాలి, తీయాలి, వైరు పెయింట్‌ని గీకుతుంది. రెండోది కారు సొంత వైరింగ్‌కే డయోడ్లు కలిపి మోటర్‌హోమ్ కరెంటు ఇవ్వడం. డయోడ్ కరెంటును ఒకవైపే పోనిస్తుంది కాబట్టి మోటర్‌హోమ్ నుంచి వచ్చేది కారు కంప్యూటర్‌లోకి ఎగదన్నదు. డయోడ్లు లేకుండా తిన్నగా వైరు కలిపేస్తే కారు ఎలక్ట్రానిక్స్ దెబ్బతినే ప్రమాదం ఉంది, ఎవరైనా "ఏం కాదు" అన్నా వినకండి. మూడోది కారు టెయిల్ లైట్ లోపలే ఇంకో బల్బు హోల్డర్ పెట్టి దానికి పూర్తిగా విడి వైరు లాగడం. ఎల్ఈడీ లైట్లు ఉన్న కొత్త కార్లకి నా ఓటు దీనికే, కారు వైరింగ్‌ని ముట్టుకునే పనే ఉండదు.

మీ మోటర్‌హోమ్‌లో బ్రేకుకీ ఇండికేటర్‌కీ ఒకే బల్బు వాడి, కారులో వేర్వేరుగా ఉంటే మధ్యలో కన్వర్టర్ పెట్టాలి, లేకపోతే కారు లైట్లు సరిగ్గా వెలగవు. ఎర్త్ వైరు పెయింట్ గీకిన శుభ్రమైన ఇనుముకి బిగించండి. లైట్లు మసగ్గా వెలిగినా, ఒకటి వేస్తే ఇంకోటి వెలిగినా ముందు అనుమానించాల్సింది ఎర్త్‌నే.

బ్రేకులు

చాలామంది దీన్ని ఎగ్గొడతారు. "మోటర్‌హోమ్ బ్రేకులు పెద్దవి కదా, టన్ను కారును ఆపలేవా" అంటారు. అవి ఆపేది ముందు మోటర్‌హోమ్ బరువుని, ఆ పైన కారుని కూడా ఆపాలంటే బండి ఆగడానికి పట్టే దూరం పెరుగుతుంది. దిగుడు రోడ్డులో ఆ అదనపు వేడి మోటర్‌హోమ్ బ్రేకుల్లోకే వెళ్తుంది. అదీ కాక చాలాచోట్ల ఒక బరువు దాటితే బ్రేకు ఉండటం చట్టం. బ్రిటన్‌లో ఇలా లాగే కారును ట్రైలర్ కిందే లెక్కేస్తారు, 750 కిలోలు దాటితే బ్రేకులు పనిచేయాల్సిందే. కొన్ని దేశాల్లో కారును ఇలా లాగడమే ఒప్పుకోరు. మీరు వెళ్లే దారిలో ఉన్న అన్ని చోట్ల రూలు చూసుకోండి, బయలుదేరే చోటుది మాత్రమే కాదు.

కారులో పెట్టే బ్రేకు పరికరాల్లో పెట్టెలాంటిది ఒకటి. దాన్ని డ్రైవర్ సీటు ముందు నేల మీద పెట్టి బ్రేక్ పెడల్‌కి తగిలిస్తారు, బండి వేగం తగ్గడాన్ని పసిగట్టి అదే పెడల్ నొక్కుతుంది. ఇంకోటి కారులో శాశ్వతంగా బిగించేది. తరచూ కట్టేవాళ్లకి శాశ్వతమైనదే మంచిది. పెట్టెలాంటిది వాడేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఇంజిన్ ఆపాక కూడా పవర్ బ్రేకులో కొంత వాక్యూమ్ (పెడల్ నొక్కడానికి బలం తోడిచ్చేది) మిగిలుంటుంది, ఆ స్థితిలో పరికరం తగిలిస్తే బ్రేకు మొదట్లో మరీ గట్టిగా పడుతుంది. ఇంజిన్ ఆపి పెడల్‌ని గట్టిపడేదాకా నాలుగైదుసార్లు నొక్కి, ఆ తర్వాత తగిలించండి. పరికరం తాలూకు పుస్తకం వేరే వరస చెప్తే దాన్నే పాటించండి.

బ్రేక్‌అవే కేబుల్ కూడా ఇందులో భాగమే. కారు విడిపోతే ఈ కేబుల్ లాగబడి కారు బ్రేకు దానంతటదే పడాలి. దీన్ని టో బార్‌కి కట్టకండి, మోటర్‌హోమ్ చాసిస్‌కే కట్టండి. టో బారే ఊడిపోతే దానికి కట్టిన కేబుల్ దానితోనే పోతుంది, బ్రేకు పడదు.

బ్యాటరీ, స్టీరింగ్, తాళం

ముందు చక్రాలు మోటర్‌హోమ్ వెంట తిరగాలి కాబట్టి స్టీరింగ్ లాక్ తీసి ఉండాలి. చాలా కార్లలో దీనికోసం తాళంచెవి యాక్సెసరీ (ఇంజిన్ ఆగి కరెంటు మాత్రం వచ్చే స్థానం) దగ్గర ఉంచాలి, అంటే కొన్ని పరికరాలు కరెంటు తాగుతూనే ఉంటాయి, బ్రేకు పరికరం కూడా ఈ బ్యాటరీనే వాడుకుంటుంది. ఎనిమిది గంటల ప్రయాణం తర్వాత కారు స్టార్ట్ కాకపోతే చిరాకే, కానీ దారి మధ్యలో బ్యాటరీ పడుకుంటే బ్రేకు పరికరం ఆగిపోతుంది, అసలు భయం అది. అందుకని మోటర్‌హోమ్ నుంచి కారు బ్యాటరీకి ఫ్యూజుతో ఒక చార్జింగ్ వైరు లాగండి, లైట్ల ప్లగ్గులో ఖాళీ పిన్ను ఉంటే దాన్నే వాడొచ్చు. పుస్తకం ఫలానా ఫ్యూజు తీయమంటే, రోజూ ఫ్యూజు బాక్సు తెరవకుండా దానికి ఒక స్విచ్ పెట్టించుకోవచ్చు.

బటన్‌తో గేర్ మారే కార్లలో ఇంకో టెన్షన్ ఉంది. వాటిలో కొన్ని బ్యాటరీ బలహీనపడినా, డ్రైవర్ తలుపు తెరిచినా వాటంతటవే పార్క్‌లోకి వెళ్లిపోతాయి. మీది అలాంటిదైతే న్యూట్రల్‌లో నిలబెట్టే పద్ధతి పుస్తకంలో తప్పకుండా వెతకండి, అది లేకపోతే ఆ కారుని ఇలా కట్టకండి. తాళం కారులో ఉంచి తలుపులు వేయాలి కాబట్టి రెండో తాళం మీ జేబులో ఉండాలి.

బయలుదేరే రోజు వరస

ఎవరైనా మాట్లాడుతుంటే కట్టకండి. మధ్యలో ఆపితే ఎక్కడ ఆపారో గుర్తుండదు, మళ్లీ మొదటి నుంచి చూడాలి. మోటర్‌హోమ్‌ని తిన్నగా, చదునుగా ఉన్న చోట నిలిపి కారుని దాని వెనక తిన్నగా తెచ్చి ఆపండి, కారు కదలకుండా హ్యాండ్ బ్రేకు వేయండి. టో బార్ చేతులు బేస్ ప్లేట్‌కి పెట్టి పిన్నులు దూర్చండి, పిన్ను జారకుండా క్లిప్పు వేసి ఒకసారి లాగి చూడండి. సేఫ్టీ కేబుళ్లు రెండూ టో బార్ కింద ఒకదానికొకటి అడ్డంగా దాటేలా తగిలించండి, బార్ ఊడితే అది నేలకి తగలకుండా అవి ఆపుతాయి. మలుపులో బిగుసుకోకూడదు, అలాగని రోడ్డుకు రాసుకోకూడదు. తర్వాత లైట్ల వైరు, బ్రేక్‌అవే కేబుల్.

అప్పుడు కారులోకి వెళ్లి తాళం, గేరు, ఫ్యూజు పుస్తకంలో ఉన్నట్టు పెట్టి బ్రేకు పరికరం తగిలించండి. చివర్న హ్యాండ్ బ్రేకు తీయండి. ఈ ఒక్కటి మర్చిపోతే వెనక బ్రేకులు కాలిపోతాయి, మోటర్‌హోమ్‌లో ఉన్న మీకు ఏమీ తెలియదు. నేను తీశాక పైకే "హ్యాండ్ బ్రేకు తీశాను" అని చెప్తాను, పక్కనున్నవాళ్లు వింటారు.

నాలుగు టైర్ల గాలి చూడండి. టైర్ ప్రెషర్ చూపించే సెన్సర్లు నాలుగు చక్రాలకీ పెట్టి, తెర మోటర్‌హోమ్ డాష్‌బోర్డ్ మీద పెట్టుకోండి. నా టైరు చితికిపోయాక నేను కొన్న మొదటి వస్తువు ఇదే, ఖర్చు తగ్గించుకోవాలనుకుంటే వేరే ఏదైనా వదులుకోండి గానీ దీన్ని వదలకండి. లైట్లన్నీ ఇంకొకరు వెనక నిలబడి చూడాలి. తర్వాత మెల్లగా ఓ పది మీటర్లు ముందుకి పోనిచ్చి ఆపండి, టో బార్ చేతులు రెండూ సాగి లాక్ అయ్యాయా అని దిగి చూడండి. ఇంకొకరు పక్కన నడుస్తూ కారు చక్రాలు నాలుగూ దొర్లుతున్నాయా, మలుపులో ముందు చక్రాలు తిరుగుతున్నాయా చూస్తే ఇంకా మంచిది.

రోడ్డెక్కాక

పది కిలోమీటర్లు పోయాక ఎక్కడైనా సురక్షితంగా ఆపండి. కారు నాలుగు చక్రాల దగ్గరా వేడి చూడండి, ముట్టుకోకుండా చెయ్యి దగ్గరగా పెడితే తెలుస్తుంది, వేడి కొలిచే గన్ ఉంటే మరీ మంచిది. ఒక చక్రం మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే ఆ బ్రేకు పట్టేసి ఉండొచ్చు. తర్వాత ఎక్కడ ఆగినా ఇదే చేయండి, పిన్నులూ కేబుళ్లూ చూడండి.

రివర్స్ మాత్రం చేయకండి. వెనక్కి తోస్తే కారు ముందు చక్రాలు ఒక పక్కకి మడత పడతాయి, తర్వాత టో బారో బేస్ ప్లేటో వంగుతుంది. దారి తప్పి ఇరుకు చోట ఇరుక్కుంటే కారు విప్పి, రెంటినీ విడివిడిగా తిప్పుకోండి, పది నిమిషాల పని. పెట్రోల్ బంక్‌లోకి వెళ్లేటప్పుడే బయటికి దారి ఎటు ఉందో చూసుకోండి. దిగుడు రోడ్డులో గేరు తగ్గించి ఇంజిన్ మీద దిగండి, బ్రేకు అంటిపెట్టుకుని కూర్చుంటే ఇటు మోటర్‌హోమ్ బ్రేకులూ అటు కారువీ కాగుతాయి.

విప్పేటప్పుడు కూడా తిన్నగా ఆపండి, వంకరగా ఆపితే టో బార్ బిగుసుకుని పిన్ను రాదు, సుత్తితో కొట్టాలనిపిస్తుంది, కొట్టకండి, మోటర్‌హోమ్‌ని కాస్త ముందుకి జరిపితే వదులవుతుంది. పిన్ను తీసే ముందు కారుకి హ్యాండ్ బ్రేకు వేయండి, వాలులో పిన్ను తీసిన మరుక్షణం కారు దొర్లిపోతుంది. పిన్నులు తీశాక తీసిన ఫ్యూజు పెట్టండి, బ్రేకు పరికరాన్ని పెడల్ నుంచి విప్పి బయట పెట్టండి, ఆ తర్వాతే ఇంజిన్ స్టార్ట్ చేసి బ్రేకు ఒకసారి నొక్కి చూసి కదలండి.